దిగడం ఎవరు నేర్పుతారు?

(తిరుపతిలో ఉపాధ్యాయులు, హైస్కూలు విద్యార్థులు కలిసి కూర్చున్న ఒక సభలో విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు ఒకరు చేసిన ప్రసంగ పాఠం.)

అందరికీ నమస్కారం. శాలువా తీసి కుర్చీ మీద పెడుతున్నాను, నిర్వాహకులు ఏమీ అనుకోవద్దు. తిరుపతి ఎండలో శాలువా కప్పితే అది సన్మానం కాదు, శిక్ష. (నవ్వులు)

నా వెనక ఫ్లెక్సీ మీద ఏం రాశారో చూశారు కదా. ‘నాయకత్వ శిక్షణ, విద్యార్థుల శీల నిర్మాణం’ అని. రెండూ పెద్ద మాటలే. మొదటిదానికి ఈ మధ్య ఫీజు కూడా పెట్టారు. మూడు రోజుల క్యాంపు, ఒక టీషర్టు, ఒక సర్టిఫికెట్టు. చివరి రోజు స్టేజీ ఎక్కి మైకు పట్టుకుని రెండు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడితే లీడరు తయారైనట్టే. వెక్కిరించడం లేదు నేను. స్టేజీ భయం పోవడం మంచిదే, నాకు నలభై ఏళ్లు దాటాక గానీ పోలేదు. అయితే స్టేజీ భయం బొత్తిగా లేనివాళ్లు మనల్ని ఏలడం కూడా చూస్తూనే ఉన్నాం. వాళ్లకు లోటు మైకు దగ్గర లేదు. (నవ్వులు)

ముందు ఒక లెక్క తీద్దాం. పిల్లలూ, మీలో క్లాస్ లీడరుగానో, బడి మొత్తానికి లీడరుగా ఉండే ఎస్పీఎల్‌గానో చేసినవాళ్లు చేతులెత్తండి. అబ్బో, చాలామందే ఉన్నారు. సరే, దించండి. ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఆ పనిని ఇంకొకరి చేతిలో పెట్టి, ‘ఇక్కడిదాకా నేను చేశాను, ఇది మిగిలిపోయింది, ఇది నేను చెడగొట్టాను’ అని చెప్పి దిగినవాళ్లు ఎంతమంది? (ఎవరూ చేయి ఎత్తలేదు.) అయ్యవార్లూ ఎత్తలేదు, గమనించాను. ఈ రోజు నేను మాట్లాడేదంతా ఆ లేవని చేతుల గురించే.

నేను సోషల్ టీచరుగా చేరి, హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. ముప్పై నాలుగేళ్లు. చేరినప్పుడు ఇటు సత్యవేడు నుంచి అటు కుప్పం, మదనపల్లె దాకా ఒకటే చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్‌లో విడదీశారు. తిరుపతి ఒక జిల్లా అయింది, మదనపల్లె వైపు అన్నమయ్య జిల్లాలోకి పోయింది. నా కథలు మాత్రం ఇంకా పాత జిల్లాలోనే ఉన్నాయి. ఏ ఊరి బడి అని అడగొద్దు, చెప్పను. ఆ పిలకాయలు ఇప్పుడు పెద్దవాళ్లు, వాళ్లకూ పిలకాయలున్నారు.

మన బళ్లలో నాయకత్వ శిక్షణ ఎప్పుడు మొదలవుతుంది? అయ్యవారు స్టాఫ్ రూముకు పోతూ లీడరును పిలిచి, చేతిలో సుద్దముక్క పెట్టినప్పుడు. ‘మాట్లాడినోళ్ల పేర్లు బోర్డు మీద రాయి.’ అంతే. ఏ కమిటీ రాసిన సిలబసూ కాదు గానీ, మనందరం చదువుకున్నది అదే. వాడు పోయి బోర్డు పక్కన నిలబడతాడు. క్షణం కిందటిదాకా బెంచీలో పక్కన కూర్చున్న స్నేహితుడు ఇప్పుడు ముద్దాయి. పేరు రాస్తాడు. మళ్లీ మాట్లాడితే పేరు పక్కన ఒక ఇంటూ. ఇంకా మాట్లాడితే ఇంకో ఇంటూ. ఇంతలో మూడో బెంచీ నుంచి ఒక సైగ వస్తుంది. ఇంటర్వెల్లో జామకాయ, ఉప్పూకారం అద్దింది. పేరు తుడుచుకుపోతుంది. (నవ్వులు) నవ్వినవాళ్లలో రాసినవాళ్లెవరో, జామకాయ ఇచ్చినవాళ్లెవరో నాకు ముఖం చూస్తే తెలిసిపోతుంది.

ఇది నేను ముప్పై ఏళ్లు చూశాను, అందులో ఇరవై ఏళ్లు నేనే చేయించాను. ఆ సుద్దముక్కతో పిల్లవాడికి ఏం చెప్పామో చూడండి. నాయకుడి పని పక్కవాడి తప్పు పట్టడం. నాయకుడే తప్పు చేస్తే రాసేవాడు లేడు, సుద్దముక్క వాడి చేతిలోనే ఉంది కాబట్టి. పేరు తుడవడానికి ఒక రేటు ఉంటుంది. లంచం గురించి పదేళ్ల పిల్లవాడికి ఇంతకంటే పక్కాగా ఎవరు చెప్పగలరు? చెప్పేసి, తర్వాతి పీరియడ్‌లో నీతి పాఠం చదివిస్తాం.

లీడరును ఎంచడం మాత్రం ఎలా ఎంచుతాం? ఫస్టు ర్యాంకు పిల్లవాణ్ణి, లేదంటే వెనక బెంచీలో అందరికంటే పొడుగ్గా ఉన్నవాణ్ణి. మొదటివాడి మాట ఎవరూ వినరు. రెండోవాడి మాట భయపడి వింటారు. ఏడాదంతా వాడే. జూన్‌లో ఎక్కినవాడు ఏప్రిల్‌లో బడికి సెలవులిస్తే తప్ప దిగడు.

మనకు ఒక సామెత ఉంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదు. నవ్వుకుంటూ అనేస్తాం గానీ ఎంత దిగులు సామెత అది! వడ్డించేవాడు మనవాడు కాకపోతే కడబంతివాడి గతి ఏంటని ఆ సామెత అడగనే అడగదు. నాకు ఆ ప్రశ్న వేసింది ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి.

బడిలో మధ్యాహ్న భోజనం. గుడ్డు ఇచ్చే రోజుల సంగతి చెప్తున్నాను. మాకు నూట నలభై చిల్లర పిల్లలు. గుడ్ల ట్రేలు ఆటోలో వచ్చేవి. ఆ రోడ్డు మీద మనిషి ఎముకలే నిలవవు, ఇక గుడ్లెంత. దించేసరికి మూడో నాలుగో పగిలి ఉండేవి, ఉడికించాక చెడిపోయినవి ఒకటి రెండు బయటపడేవి. అంటే ఎప్పుడూ కొంతమందికి తక్కువ. ఎవరికి? వరసలో చివరివాళ్లకు. చివర ఉండేదెవరు? ఆరో తరగతి పిల్లలు. పెద్దవాళ్లు తోసుకుని ముందుకు పోతారు కదా. గుడ్ల లెక్క చూసే పని పదో తరగతి లీడరుకు అప్పజెప్పాం. చెడ్డవాడేం కాదు. వాడి స్నేహితులకు మాత్రం ఎన్నడూ గుడ్డు తక్కువ కాలేదు. ఒకనాడు ఆరో తరగతివాడు ఏడుస్తా వచ్చాడు. ‘మూడు తూర్లు నాకు గుడ్డు రాలే సార్’ అన్నాడు.

నేనేం చేశాను? లీడరును పిలిచి తిట్టాను. మర్నాటి నుంచి గుడ్డు దొరకనివాళ్లు మారారు, పద్ధతి మారలేదు. అప్పుడు ఆ పని ఒక ఎనిమిదో తరగతి అమ్మాయికి ఇచ్చాను. ఆమెలో ఏదో చూసి ఇచ్చానని గొప్పలు పోను. ఆ నిమిషానికి వరండాలో ఎదురుపడింది, అంతే.

రెండు వారాలు గడిచాయి. ఫిర్యాదు లేదు. అనుమానం వచ్చి పిలిచి అడిగాను. ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చి చూపించింది. తేదీ, వచ్చిన గుడ్లు, పగిలినవి, ఆ రోజు గుడ్డు దొరకనివాళ్ల పేర్లు. ఒక రోజు ఆరో తరగతికి తక్కువైతే తర్వాత ఏడుకు, ఆ తర్వాత ఎనిమిదికి, అలా పది దాకా తిరుగుతుంది. ఒకసారి పేరు పడినవాళ్లకు, బడిలో అందరి వంతూ అయ్యేదాకా మళ్లీ పేరు పడదు. మొదటి రోజు ఐదు పేర్లున్నాయి. మొట్టమొదటి పేరు ఆమెదే.

‘ఎందుకమ్మా నీ పేరే ముందు రాసుకున్నావు’ అన్నాను.

‘లేకుంటే ఎవురు ఒప్పుకుంటారు సార్?’ అంది.

త్యాగం అనలేదు, సేవ అనలేదు. ఎవరు ఒప్పుకుంటారు అంది. నేను ఆ మాట చాలా రోజులు నమిలాను. బోర్డు మీద రాసినా పేర్లే, ఆ నోట్‌బుక్‌లో రాసినా పేర్లే. అక్కడ తప్పు చేసినవాడి పేరు, ఇక్కడ నష్టపోయినవాడి పేరు. అది చూశాక మా బడిలో సుద్దముక్క చదువు మాన్పించాను. మాన్పించినందుకు సహోపాధ్యాయులు నన్ను తిట్టుకున్నారు, క్లాసులో గోల ఎక్కువైందని. గోల ఎక్కువైన మాట నిజమే.

సోషల్ టీచరును కదా, చరిత్ర చెప్పకుండా వదలను. మనం ‘లీడర్లు’ అనగానే పదవి ఎక్కిన కథలే చెప్తాం. ఈ జిల్లా నేల మీద దిగిన కథలున్నాయి, అవి చెప్పం.

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని, మద్రాసు అడయారులో చూసి, రాబోయే జగద్గురువు ఈ పిల్లవాడే అన్నారు దివ్యజ్ఞాన సమాజం అనే ఆధ్యాత్మిక సంస్థ పెద్దలు. 1911లో ఆయన కోసమే ఒక సంఘం పెట్టి ఆయన్నే దానికి అధిపతిని చేశారు. అప్పటికి ఆయనకు పదహారేళ్లు కూడా నిండలేదు. చూడండి, మనవాళ్లు ఎనిమిదో తరగతిలో లీడరును చేస్తే, వాళ్లు ఏకంగా ప్రపంచానికే చేశారు. దేశదేశాల్లో సభ్యులు, ఆస్తులు, అభిమానం. 1929 ఆగస్టులో హాలండ్‌లో, ఓమెన్ అనే ఊళ్లో, వేలమంది తన మనుషుల ముందు నిలబడి ఆ సంఘాన్ని తానే రద్దు చేశారు. నాకు శిష్యులు వద్దన్నారు. సంఘానికి ఇచ్చిన ఆస్తులు ఇచ్చినవాళ్లకు తిరిగి ఇచ్చేశారు. ఆయన తత్వం నాకు పూర్తిగా అర్థమైందని అబద్ధం చెప్పను. రెండుసార్లు చదవడం మొదలుపెట్టి రెండుసార్లూ నిద్రపోయాను. (నవ్వులు) ఆ దిగడం మాత్రం అర్థమైంది.

చిత్తూరును ఆనుకునే కట్టమంచి. అక్కడ 1880లో పుట్టిన రామలింగారెడ్డి గారు 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో బ్రిటిష్ ప్రభుత్వం జనాన్ని అణగదొక్కిన తీరుకు నిరసనగా రాజీనామా చేశారు. ఖాళీ అయిన ఆ కుర్చీలోకి 1931లో వచ్చింది ఎవరనుకున్నారు? సర్వేపల్లి రాధాకృష్ణన్. చిన్నప్పుడు ఇదే తిరుపతిలో లూథరన్ మిషన్ స్కూల్లో చదువుకున్నాయన. 1936లో ఆయన ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్తే రెడ్డిగారు మళ్లీ వచ్చి 1949 దాకా ఉన్నారు. పది నిమిషాలు పదవి లేకపోతే ఊపిరాడనివాళ్లకు ఈ కథ చెప్తుంటాను. ఒకాయన దిగితే యూనివర్సిటీ కూలిపోలేదు, దిగినాయన మాయమూ కాలేదు.

రాధాకృష్ణన్ గారి పేరు వచ్చింది కాబట్టి సెప్టెంబరు 5 సంగతి. ఆ రోజు బళ్లలో స్వపరిపాలన దినోత్సవం చేస్తాం. పిల్లలే టీచర్లు, హెడ్మాస్టరు, ఎంఈఓ, కలెక్టరు. ఆడపిల్లలు అమ్మ చీర కట్టుకొస్తారు, మగపిల్లలు తాత కళ్లజోడు. హెడ్మాస్టరు వేషం వేసినవాడు మొదట చేసే పని ఏంటో ఎప్పుడైనా గమనించారా? బెత్తం వెతుక్కోవడం. రెండోది, ఎవరినో ఒకరిని ఎండలో నిలబెట్టడం. ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? నాయకత్వం మీద మనం ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా, పిల్లవాడు ఆ ఒక్క రోజు మన ముఖానికి అద్దం పట్టి పోతాడు. ఒక ఏడాది నా వేషం వేసిన అబ్బాయి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని గంటసేపు వరండాలో తిరిగాడు. ఇంకేం చేయలేదు. మరుసటి వారం నుంచి నేను ఫోన్ బీరువాలో పెట్టడం మొదలుపెట్టాను.

మన పక్కనే తిరుచానూరులో 1891లో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ గారు 1956లో లోక్‌సభ స్పీకర్ అయ్యారు. స్పీకర్ అంటే మాట్లాడేవాడని అర్థం కదా. ఆ సభలో సొంత అభిప్రాయం అందరికంటే తక్కువ చెప్పాల్సినవాడు ఆయనే. మిగతావాళ్లు మాట్లాడేలా చూడడమే ఆయన పని. మనం లీడరుకు ‘మాట్లాడినోళ్ల పేర్లు రాయి’ అంటాం. ‘ఈ వారమంతా నోరు తెరవనివాళ్లు ఎవరో చూసిపెట్టు, వాళ్లను మాట్లాడించే దారి ఆలోచించు’ అని ఒక్క రోజైనా అన్నామా? అని చూడండి. క్లాసు అప్పుడు ఆ లీడరుకు వేరేలా కనబడుతుంది.

పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పడం గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, నాకు దానిమీద గురి కుదిరింది. మదనపల్లె దగ్గరి ఋషీ వ్యాలీ బడి వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో నడిపే చిన్న బళ్లలో అన్ని తరగతులూ ఒకే గదిలో కూర్చుంటాయి. పాఠం కార్డుల మీద ఉంటుంది, నిచ్చెన మెట్ల లెక్కన. ఒకడు మూడో మెట్టు మీద ఉంటే పక్కవాడు పదో మెట్టు మీద ఉంటాడు. ముందు ఎక్కినవాడు వెనకవాడికి చెయ్యి ఇస్తాడు. కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ వాళ్లు ప్రభుత్వ బడి పిల్లలకు చేతులతో చేసే సైన్సు చూపిస్తారు. అందులో పల్లె పిల్లలకే తర్ఫీదు ఇచ్చి తోటి పిల్లలకు ప్రయోగాలు చెప్పించే పద్ధతి ఒకటుంది. డబ్బున్న సంస్థలు కాబట్టి చేస్తాయి, మన వల్ల ఏమవుతుంది అనుకోకండి. దీనికి కావాల్సింది ఒక తొమ్మిదో తరగతివాడు, ఒక ఖాళీ పీరియడు.

నేను చేసి చూశాను. తొమ్మిదో తరగతి అబ్బాయి ఆరో తరగతికి భిన్నాలు చెప్తున్నాడు. ఒక చిన్నపిల్ల లేచింది. ‘అన్నా, కింద అంకె పెద్దదైతే ముక్క చిన్నది ఎందుకవుతుంది?’ వాడికి తెలియదు. నావైపు చూశాడు. నేను కిటికీలోంచి బయట చింతచెట్టును చూడడం మొదలుపెట్టాను. చాలాసేపు చూశాను ఆ చెట్టును. చివరికి వాడు గొంతు సవరించుకుని, ‘నాకు తెలీదు పాపా, రేపు చెప్తా’ అన్నాడు. చెవులు ఎర్రబడిపోయాయి పాపం. మర్నాడు టిఫిన్ డబ్బాలో వాళ్లమ్మ పోసిన దోసెలు రెండు తెచ్చాడు. ఒకటి ఇద్దరికి పంచాడు, ఇంకోటి ఎనిమిది మందికి పంచాడు. ఎనిమిదిలో ముక్క దొరికినవాళ్లు లబోదిబోమన్నారు. భిన్నాలు ఆ క్లాసు ఇక మరిచిపోలేదు.

తనకంటే చిన్నవాళ్ల ముందు నాకు తెలీదు అనడం, అన్నాక మర్నాడు తెలుసుకుని రావడం. నన్నడిగితే ఆ ఫ్లెక్సీ మీద ‘శీలం’ అని రాసిన చోట ఇదే ఉంది. దాన్ని పీపీటీ వేసి చెప్పలేం. పిల్లవాడు ఇరుక్కున్నప్పుడు మనం చింతచెట్టు వైపు చూడగలగాలి, అంతే. అయ్యవార్లకు అదే కష్టం. జవాబు నాలుక చివర ఉంటుంది కదా మనకు!

కాలేజీ పిల్లలకు ఎన్నెస్సెస్, అంటే జాతీయ సేవా పథకం ఉంది. 1969లో గాంధీగారి శతజయంతి ఏడాది మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల శిబిరం. ‘నేను కాదు, మీరు’ అనేది దాని నినాదం. చాలా చోట్ల చీపురు పట్టుకునేదాకా ‘మీరు’, ఫోటో తీసేటప్పుడు ‘నేను’. (నవ్వులు) కానీ శిబిరంలో వంట బాధ్యత చూసిన పిల్లల్ని అడగండి, యాభై మందికి ఉప్మా మాడ్చినవాణ్ణి అడగండి, వాడికి నాయకత్వం గురించి నాకంటే ఎక్కువ తెలుస్తుంది.

తిరుమలలో శ్రీవారి సేవ 2000లో మొదలైంది. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో గుంపులుగా వస్తారు. మెడలో కండువా, క్యూలైన్లలో నీళ్లు, కూరగాయలు తరగడం, అన్నప్రసాదం వడ్డించడం. బ్యాంకు మేనేజరూ ఉంటాడు, టీకొట్టు ఆయనా ఉంటాడు, కండువా ఒకటే. మీలో కొండకు పోయి భోజనం చేయనివాళ్లు ఉండరు. వడ్డించే మనిషికి తినే మనిషి ఎవరో తెలియదు. ఆ కడబంతి సామెత పనిచేయని చోటు ఒకటుందంటే అది ఆ భోజనశాల. దానికి పెట్టిన పేరు కూడా పదవీ కిరీటమూ లేని మన ఆడకూతురు, భక్త కవయిత్రి తరిగొండ వెంగమాంబది. పిల్లల్ని దర్శనానికి తీసుకుపోతాం, మంచిదే. ఒక్క పూట వడ్డనకు తీసుకుపోండి.

ఇక అప్పగింత సంగతి. అయ్యవార్లకు ‘ఛార్జి ఇవ్వడం’ అంటే తెలుసు. బదిలీ అయితే బీరువా తాళాలు, స్టాకు రిజిస్టరు, క్యాష్ బుక్కు, బెంచీలు ఎన్ని, అందులో కాళ్లు విరిగినవి ఎన్ని, అన్నీ రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. తీసుకున్నవాడూ సంతకం పెట్టాలి. మనకది విసుగు పని. నేను దాన్ని పిల్లలతో చేయించాను. నెలకో లీడరు. నెలాఖరు శనివారం అప్పగింత. ఒక కాగితం, మూడు గడులు. చేసింది, మిగిలింది, చెడగొట్టింది. మూడో గడి నింపడానికి మొదట్లో ఎవరూ ఒప్పుకోలేదు. ఒకడు ‘ఏమీ లేదు’ అని రాస్తే క్లాసు క్లాసంతా పగలబడి నవ్వింది. మరుసటి నెల ఇంకొకడు ‘నీళ్ల ట్యాంకు మూత వెయ్యడం మరిచిపోయినాను, కోతి దిగింది’ అని రాశాడు. అప్పటి నుంచి మూడో గడి నిండడం మొదలైంది. తమాషా ఏంటంటే, మిగతా రెండు గడుల్లో అబద్ధాలు కూడా తగ్గాయి.

నెలకొకరు మారితే క్రమశిక్షణ ఏమవుతుందని అడుగుతారు. మొదటి రెండు నెలలు ఉండదు. ఇన్‌స్పెక్షన్ ఉంటే ఆ నెల మొదలుపెట్టకండి. (నవ్వులు) కొందరు పిల్లలు ఆ పని చేయలేరు, ఏడుస్తారు, వాళ్లను బలవంతం చేయొద్దు. నేను ఒకరిద్దరిని చేశాను, తప్పే.

ఇప్పుడు నా మూడో గడి.

నెల లీడర్లు తరగతులకు. బడి మొత్తానికి ఎస్పీఎల్ వేరు. దానికి ఎన్నిక పెట్టేవాళ్లం, రహస్య ఓటింగు, సుద్దముక్కల డబ్బాయే బ్యాలెట్ పెట్టె. కాలేజీ ఎన్నికల మీద లింగ్డో కమిటీ 2006లో అభ్యర్థి ఖర్చు ఐదు వేలు దాటకూడదంది. మా దగ్గర ఖర్చు పల్లీ చిక్కీల దగ్గర ఆగేది. గుడ్ల నోట్‌బుక్ అమ్మాయి అప్పటికి పదో తరగతికి వచ్చింది. నిలబడింది. పదకొండు ఓట్లతో గెలిచింది. బ్యాడ్జి నేనే పెట్టాను.

మర్నాడు ఊళ్లో పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. ఓడిపోయిన అబ్బాయి తండ్రి. బడికి బోరు మోటారు ఇప్పిస్తానని మాటిచ్చిన మనిషి. గొడవేమీ చేయలేదు, చాలా మర్యాదగానే మాట్లాడాడు. ‘ఆడబిడ్డకు ఎందుకు సామీ ఈ తిరుగుళ్లు? ఆయమ్మిని తీసెయ్యమనడం లేదు. మావోణ్ణి కూడా పక్కన పెట్టుకోండి.’ వేసవి ముంచుకొస్తోంది. బడిలో నీళ్లు లేవు. నేను ‘జాయింటు లీడరు’ అని ఒక పదవి పుట్టించాను. ఎవరినీ నొప్పించకుండా భలే సర్దానని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

మర్నాడు మధ్యాహ్నం ఆ అమ్మాయి నా గదికి వచ్చింది. బ్యాడ్జి తీసి టేబుల్ మీద పెట్టింది.

‘ఎందుకమ్మా, నీ పదవి నీకు ఉంది కదా’ అన్నాను.

‘ఉండాది సార్. ఓట్లేసినోళ్లకు ఏం చెప్పాల?’ అంది.

‘కొంచెం సర్దుకుపోవాలమ్మా’ అన్నాను. ముప్పై నాలుగేళ్లలో నేను చాలా మాటలు అన్నాను, వెనక్కి తీసుకోగలిగితే ముందు ఆ మాటే తీసుకుంటాను.

ఆ అమ్మాయి ఏడవలేదు, కోప్పడలేదు. ‘గుడ్ల నోట్‌బుక్ బీరువాలో రెండో అరలో ఉండాది సార్. నిన్నటి దాకా లెక్క సరిపోయింది. రెండు పేర్లు నేను తప్పు రాసినాను, ఎర్ర పెన్నుతో చుట్టి పెట్టినాను’ అంది. చేసింది, మిగిలింది, చెడగొట్టింది. నేను నేర్పిన అప్పగింత నాకే ఇచ్చి పోయింది.

నేను ఆ రోజు సరిదిద్దలేదు. ఆ వారం కూడా సరిదిద్దలేదు. మోటారు వచ్చింది. నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లు నేనూ తాగాను.

ఆ అబ్బాయిని తప్పు పట్టను. వారం తిరక్కుండా వాడూ వచ్చి బ్యాడ్జి ఇచ్చేశాడు. ‘పిలకాయలు నవ్వుతా ఉండారు సార్, నాకొద్దు’ అన్నాడు. రెండు బ్యాడ్జీలు నా డ్రాయరులో పడి ఉన్నాయి. మళ్లీ ఎన్నిక పెట్టే ముఖం నాకు లేదు. ఆ ఏడాది చివరిదాకా మా బడికి లీడరు లేడు. ప్రేయరు గంట ఎవరో ఒకరు కొట్టేవాళ్లు, ఎవరో నేను అడగలేదు.

ఏప్రిల్‌లో ఆఖరి పనిదినం నాడు సాయంత్రం బీరువా సర్దుతుంటే రెండో అరలో ఆ నోట్‌బుక్ కనబడింది. పదో తరగతి పిల్లలు పరీక్షలు రాసి వెళ్లిపోయి అప్పటికి చాలా రోజులైంది. ఆగిపోయి ఉంటుందనుకుని తెరిచాను. ఆ అమ్మాయి బ్యాడ్జి పెట్టేసిన తేదీ దగ్గర చేతిరాత మారింది. ఇంకో రెండు నెలలకు మళ్లీ మారింది. ఆ మూడో చేతిరాత లావుగా, గీతలు దాటుతూ ఉంది, ఏ ఆరో తరగతివాడిదో అయ్యుండాలి. గుడ్డు ఇచ్చిన ఏ రోజూ వదలలేదు. ఆఖరి పేజీలో ఆ రోజు తేదీ ఉంది. పగిలినవి మూడు. కింద మూడు పేర్లు. మొదటి పేరు ఆ లావు చేతిరాతవాడిదే అనుకుంటాను, పక్కన చిన్నగా ‘నేను’ అని రాసుకున్నాడు.